చేతులకు వెయ్యని వయసు

ముఖానికి ముసలితనం ఎవడైనా వేస్తాడు, చేతులకు వెయ్యడం గుర్తున్నవాడే పనివాడు. ఈ మాట రంగులక్క రోజుకోసారైనా అనకపోతే ఆ నాటక కంపెనీలో ఎవరికీ పొద్దు గడవదు. ఆమె పని మేకప్పు. పాతికేళ్ళ కుర్రాణ్ణి కుర్చీలో కూలేసి, వాడి టీ చల్లారేలోపు కాటికి కాళ్ళు చాచిన ముసలాడిగా లేపి నిలబెడుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ముఖం నిండా ముడతలు పేర్చి, తామే మురిసిపోయి, నటుణ్ణి స్టేజీ మీదికి తోలేస్తారు. తీరా ఆ ముసలాయన చెయ్యెత్తి శాపం పెట్టబోయేసరికి నవనవలాడే కుర్ర చెయ్యి బయటపడుతుంది. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నాటకం కాస్తా నవ్వులపాలు. అందుకే ఆమె చేతులు పూర్తిచేశాకే ముఖం ముట్టుకునేది.

ఆమెకు ఒక్కతే కూతురు. సన్నగా, ఒకచోట కుదురుగా కూర్చోకుండా ఎగురుతూ ఉంటుందని కంపెనీ అంతా పిచ్చుక అని పిలిచేవారు. పదమూడేళ్ళు. తండ్రి లారీ మీద దూరాలు తిరిగే మనిషి కాబట్టి, బడి వదలగానే పిచ్చుక గ్రీన్‌రూములో వాలేది. తల్లి పక్కన నిలబడి స్పాంజి అందించేది, జిగురు సీసా మూత తుడిచేది, చర్మాన్ని సాగదీసి జిగురు రాసి ఆరాక వదిలితే ముడత ఎలా పడుతుందో కళ్ళప్పగించి చూసేది. పిల్ల చేతివాటం చూసి రంగులక్క లోలోపల పొంగిపోయేది. పైకి మాత్రం, "గీత లావైపోయింది, ముసలమ్మకు వేస్తున్నావా, గోడకు సున్నం వేస్తున్నావా?" అనేది. పిల్లకేమో స్టేజీ ఎక్కాలని కోరిక. తల్లి ససేమిరా అంది. "ఇంట్లో రంగు వేసే చేతులు చాలు, రంగు పూసుకునే ముఖం వద్దు," అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇక ఆ చట్టం సంగతి. పదహారు నిండని పిల్లలకు సోషల్ మీడియా కూడదని దేశమంతా వాదించుకుంటున్న రోజులవి. పిచ్చుక చదివే బడిలోనూ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అభిప్రాయాలు అడిగారు. ఒక నర్సు లేచి నెమ్మదిగా చెప్పింది. "గేటు పెట్టండి, కాదనను. కానీ గేటు మూస్తే కొందరు గోడ దూకుతారు. దూకినప్పుడు కాలు విరిగితే, తిడతామని భయపడి మనకు చెప్పరు. ఆ చెప్పకపోవడమే నాకు భయం." హాలు కాస్త మెత్తబడింది. అప్పుడు లేచింది రంగులక్క. గ్రీన్‌రూములో అరిచి అరిచి పదునెక్కిన గొంతు మరి. "గోడ దూకే పిల్లల కాళ్ళు మనమే విరగ్గొడితే సరి! వయసు అబద్ధం చెప్పే పిల్లల్ని కూడా శిక్షించాలి. అప్పుడుగానీ బుద్ధి రాదు," అంది. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. నర్సు తల దించుకుని కూర్చుంది. వెనక బెంచీ మీద, తల్లి కోసం ఎదురుచూస్తూ, పిచ్చుక కూడా ఉంది.

చట్టం వచ్చింది. ఖాతా తెరవాలంటే కెమెరాకు ముఖం చూపించాలి, కుడికీ ఎడమకీ తిప్పాలి, యంత్రం వయసు లెక్కగట్టి లోపలికి రానిస్తుంది లేదా తలుపు మూస్తుంది. రంగులక్క కూతురి ఫోన్ లాక్కుని బీరువాలో పడేసి, హమ్మయ్య అనుకుంది. అంతకు ముందు పడుకోబోయేటప్పుడు పిల్ల పక్కన చేరి, ఎవరితో మాట్లాడావే, ఏం చూశావే అని అడిగేది. ఇప్పుడు అదీ మానేసింది. వీధిలో కుక్క ఉందని తలుపు గడియ పెట్టకుండా పడుకున్నట్టు అయింది ఆమె వ్యవహారం. కుక్క మంచిదే కావచ్చు, గడియ వేయొద్దని ఎవరు చెప్పారు?

ఆ రోజు మధ్యాహ్నం ఆట ఉంది. రాజు వేషం వేసే కుర్రాడు కుర్చీలో కూర్చున్నాడు. వాడి చేతులు ముసలివైపోయాయి, ముఖంలో ఎడమ సగం కూడా డెబ్బయ్యేళ్ళకు చేరింది. కుడి సగం మొదలుపెడదామని జిగురు సీసా అందుకుంటే మూత బిగుసుకుపోయి రాలేదు. ఎవరో వాడి, తుడవకుండా మూసేశారు.

"నా డబ్బాలో చెయ్యి పెట్టింది ఎవర్రా? మూత తుడవడం కూడా రాని మొద్దు!"

"నన్ను చూడకక్కా, నాకు నిజంగా ముసలితనం వచ్చాకే నీ డబ్బా ముట్టుకుంటా," అన్నాడు రాజు, ముఖం కదలకుండా.

ఆమె విసుక్కుంటూ డబ్బా అడుగు అరలోంచి పాత ఫోన్ తీసింది. వేసిన వేషాలకు ఫొటోలు తీసుకుని, మళ్ళీ ఆటకు అచ్చం అలాగే వెయ్యడానికి ఉంచుకున్న ఫోన్ అది. రాజు ఫొటో కోసం తెరిస్తే, ముందు ఇంకెవరిదో ముఖం కనిపించింది. నెరిసిన కణతలు, కంటి చివర ముడతలు, నోటి పక్కన దిగిన గీత. తన ముఖమే అనుకుంది. కాదు. తనకు ఇంకా ఇంత వయసు రాలేదు. ఇలాంటి ఫొటో తను ఎప్పుడూ దిగలేదు. దగ్గరకు లాగి చూస్తే చెవులు కనిపించాయి. పిల్ల చెవులు. కిందటేడు తనే కొనిచ్చిన తెల్ల రాళ్ళ పోగులు.

అది తన కూతురు, తన ముఖం వేసుకుని ఉంది.

అదే క్షణంలో ఫోన్ తెర మీద పైనుంచి ఒక మెసేజ్ జారింది. పంపినవాడి పేరు చోట 'గురువుగారు' అని ఉంది. "బయల్దేరావా?"

రంగులక్క వెంటనే దాన్ని నొక్కింది. పాత మాటలన్నీ తెరుచుకున్నాయి. మొదట్లో వాడు మీరు, మేడమ్ అని పిలిచాడు. మీ కళ్ళలో నటన ఉందన్నాడు. మూడో మాటకే స్వరం మారింది. "ఇక మేడమ్ అనొద్దులే. ముఖం బాగా వేసుకున్నావు. చేతులు మర్చిపోయావు. పదమూడా, పద్నాలుగా?"

చేతులు మర్చిపోయావు. తను రోజూ అనే మాట. యంత్రం ముఖం చూసి మోసపోయింది, వీడు చేతులు చూసి పసిపిల్లని పట్టేశాడు. ఈ మాట వీడికి ఎలా తెలుసు? ఎవరు వీడు? కుర్చీలో కూర్చున్న రాజు వంక చూసింది. వాడూ రోజూ వింటున్నాడుగా ఈ మాట. ఒక సగం ముసలి, ఒక సగం కుర్ర, ఏ సగాన్ని నమ్మాలో తెలియలేదు. వాడి రెండు చేతులూ కుర్చీ మీదే ఉన్నాయి, ఆరడానికి పెట్టినవి పెట్టినట్టే. ఇప్పుడే మెసేజ్ పంపినవాడు వీడు కాదు. అంతవరకే ధైర్యం.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

ఆమె చదువుతూనే ఉంది. పిచ్చుక రాసింది, "ఎవరికీ చెప్పకండి, ప్లీజ్." వాడు రాశాడు, "నేనెందుకు చెప్తాను? మీ అమ్మకు తెలిస్తేనే కష్టం. ఇప్పుడు చట్టం ఉంది. అబద్ధం చెప్పింది నువ్వు. పట్టుకుంటే నిన్నే పట్టుకుంటారు." ఆ తర్వాత నాటకంలో వేషం ఇస్తానన్నాడు. ఇల్లు చూపించమన్నాడు, గది చూపించమన్నాడు. "నాకు భయంగా ఉంది, నేను మానేస్తాను," అని పిల్ల రాస్తే, "మానేస్తే ఇవన్నీ మీ అమ్మ చేతికి చేరతాయి," అన్నాడు. ఆఖరున ఈ రోజు మాట. "బస్‌స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చో. పెద్దావిడలా తయారై రా. చిన్నపిల్ల ఒంటరిగా కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, పెద్దావిణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఈసారి చేతులు మర్చిపోకు. నువ్వు నన్ను వెతకొద్దు. నేనే నిన్ను చూస్తాను."

బడికి ఫోన్ చేసింది. "పిల్లకు కడుపునొప్పి, మొదటి గంట కాగానే ఇంటికి పంపమని మీరే చీటీ రాశారు కదండీ?" అన్నారు టీచరు. రంగులక్క బట్టల దండెం దగ్గరికి పరుగెత్తింది. అత్త వేషం గోధుమరంగు కోటు లేదు, తలగుడ్డ లేదు. తను పొద్దున విగ్గులు సరిచేయించుకురావడానికి వెళ్ళిన వేళ పిల్ల వచ్చి, ఈ అద్దం ముందే, ఈ కుర్చీలోనే కూర్చుని ముసలిదైపోయి వెళ్ళింది.

"ఒరేయ్ తమ్ముడూ, నా పిల్ల, నా పిల్లరా..." అంది. అలవాటు కొద్దీ క్రీము డబ్బా, దూది గుప్పిట్లో పట్టుకుని బయటికి ఉరికింది. ఆట సంగతి, సగం ముఖం సంగతి మర్చిపోయి రాజు ఆమె వెంట పడ్డాడు.

టాక్సీ ఎక్కాక ఫోన్ రాజు చేతిలో పెట్టింది. చదివి వాడూ నోరు వెళ్ళబెట్టాడు. "అక్కా, జవాబు ఇవ్వకపోతే వాడికి అనుమానం వస్తుంది. ఏదో ఒకటి రాసి మాటల్లో పెట్టు." ఆమెకూ అదే సబబనిపించింది. గబగబా రాసింది. "దారిలో ఉన్నా."

జవాబు వెంటనే వచ్చింది.

"దారిలోనా? పిల్ల నా కళ్ళ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరు నువ్వు?"

అయ్యో, ఎంత పని చేశాను! ఆమె నోరు నొక్కుకుంది. పిల్ల దగ్గర ఫోన్ లేదు, ఉన్నది తన దగ్గర. ఆ మాత్రం తట్టలేదు తన బుర్రకు. హెచ్చరించాల్సింది పిల్లనైతే, హెచ్చరించింది వాణ్ణి. ఇప్పుడు వాడు తొందరపడతాడు. చెయ్యి పట్టి లేపుతాడు, వచ్చిన బస్సు ఎక్కిస్తాడు, ముసలమ్మను కొడుకు తీసుకెళ్తున్నాడనుకుంటారు జనం. తెర మీద పాత మెసేజులు ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది. వాడు చెరిపేస్తున్నాడు. రాజు తన ఫోన్ తీసి, మిగిలినవి కనిపించినంతవరకు ఫొటోలు తీశాడు. "డ్రైవరన్నా, కాస్త తొందరగా పోనీ, నీకు పుణ్యముంటుంది," అని ఆమె గొంతు చించుకుంది. డ్రైవరు అద్దంలోంచి సగం ముసలాణ్ణి చూసి, బెదిరి, నిజంగానే తొందరగా పోనిచ్చాడు.

బయట వాన మొదలైనందుకో ఏమో బస్‌స్టేషన్ హాలు కిటకిటలాడుతోంది. కోట్లు, తలగుడ్డలు, సంచులు. ఎటు చూసినా పెద్దావిడలే. అందరు ముసలమ్మలు ఇవాళే ప్రయాణం పెట్టుకున్నారా అని ఆమెకు ఏడుపొచ్చింది. గోధుమరంగు కోటు ఒకటి కనబడితే వెళ్ళి భుజం పట్టుకుని తిప్పింది. ఎవరో నిజమైన ముసలావిడ. "కళ్ళు కనబడట్లేదా అమ్మాయ్?" అని కసిరింది. రంగులక్క పిచ్చుకా అని అరవబోయి ఆగింది. అరిస్తే పిల్ల కంటే ముందు వాడు వింటాడు.

నీళ్ళ కుళాయి పక్క బెంచీ మీద ఒకావిడ తల వంచుకుని కూర్చుంది. రంగులక్క ఆమెను దాటేసింది. దాటేసి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. ఒళ్ళో పెట్టుకున్న ఆ చేతుల మీద ఉబ్బిన నరం మణికట్టు దగ్గర మొదలై, ఉంగరం వేలి కణుపు దగ్గర రెండుగా చీలింది. నీలం కింద కాస్త ఆకుపచ్చ కలిపిన గీత. అలా కలపడం ఆ ఊళ్ళో ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరూ ఒక్కరికే నేర్పారు. ఎంత సన్నగా, ఎంత ముచ్చటగా వేసిందో. ఆ గీత చూసి మురవాలో చావాలో ఆమెకు తెలియలేదు.

"పిచ్చుకా."

ముసలమ్మ తలెత్తింది. లోపలి కళ్ళు పసివి. తల్లిని చూసి లేవబోయింది. రంగులక్క పక్కన కూలబడి పిల్లను గట్టిగా పొదువుకుంది. జిగురు వాసన, చెమట వాసన.

చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది.

"ఈసారి చేతులు బాగా కుదిరాయి. నీ దగ్గర నేర్చుకుందా? పోలిక కూడా అచ్చం నీదే."

వాడు ఇక్కడే ఉన్నాడు. తనను చూస్తున్నాడు. రంగులక్క తలెత్తి హాలంతా కలయజూసింది. అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. కళ్ళద్దాల ఆయన, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న ఆయన, సూటుకేసు మీద కూర్చున్న కుర్రాడు, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. అందరి బొటనవేళ్ళూ కదులుతున్నాయి. వీళ్ళలో ఎవరైనా కావచ్చు. పారిపోదామంటే ఎవరి ముందునుంచి పోవాలో తెలియదు. జన్మలో ఎన్నడూ అంత భయపడలేదు ఆమె.

ఆ భయంలోనే లేచి నిలబడింది. పిల్లను బెంచీ మీద నిలబెట్టింది. తలగుడ్డ లాగిపారేసింది. క్రీము పిల్ల ముఖానికి దట్టంగా పులిమి దూదితో తుడవడం మొదలెట్టింది, గ్రీన్‌రూము గొంతుతో అరుస్తూ.

"చూడండమ్మా! అయ్యా, ఫోన్లు పక్కన పెట్టి ఇటు చూడండి! దీని వయసు పదమూడు! ఇది నా కూతురు! దీన్ని ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు ఈ హాల్లోనే ఉన్నాడు! వాడి చేతిలో కూడా ఫోన్ ఉంది! చూడండి, బాగా చూడండి!"

ముడతలు ఊడిపోయాయి. నెరుపు కరిగి చెవుల పక్కన కారింది. జనం కళ్ళ ముందే ముసలమ్మ చిన్నపిల్ల అయిపోయింది. హాల్లో తలలన్నీ లేచాయి. టికెట్ల కిటికీలోంచి గుమస్తా బయటికి వంగాడు. నిజమైన ముసలావిడ సంచి పడేసి వచ్చి పిల్లకు అడ్డంగా నిలబడింది.

ఒక్క తల మాత్రం లేవలేదు. అటు మూల ఎవరో ఫోన్ జేబులో పెట్టుకుని, హడావుడి ఏమీ లేకుండా, బస్సులు ఆగే వైపు తలుపులోంచి బయటికి నడిచారు. "వాడే! ఆగరా!" అని రాజు స్టేజీ దద్దరిల్లే గొంతుతో ఉరిమి దూకాడు. కానీ సగం ముఖంతో మీదికొస్తున్న మనిషిని చూసి పిచ్చివాడనుకుని ఇద్దరు ముగ్గురు రాజునే పట్టుకున్నారు. విడిపించుకుని వెళ్ళేసరికి బయట వాన, నాలుగు వైపులా కదులుతున్న బస్సులు. వాడి వీపు తప్ప ముఖం ఎవరూ చూడలేదు.

పోలీస్ స్టేషన్లో ఒక మహిళా కానిస్టేబుల్ వాళ్ళను లోపలి గదిలో కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. రాజు బయట ఇంకో అధికారికి ఫొటోలు చూపిస్తున్నాడు. పిచ్చుక తల్లి చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అమ్మా, నా కాళ్ళు విరగ్గొడతారా?"

"ఎవరే?"

"నువ్వే అన్నావుగా. గోడ దూకిన పిల్లలకి. అందరూ చప్పట్లు కొట్టారు. అందుకే చెప్పలేదు. చాలాసార్లు చెప్దామనుకున్నా."

రంగులక్కకు కన్నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆ నర్సు తల దించుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. గేటు ఉండాలనే రంగులక్క ఇప్పటికీ అంటుంది, రేపు అడిగినా అంటుంది. ఆ కాళ్ళ మాట మాత్రం నాలుక కోసుకున్నా వెనక్కి రాదు.

కానిస్టేబుల్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నువ్వే చెప్పాలి పాపా. మొదటినుంచి. ఖాతా తెరిచేటప్పుడు వయసు తప్పు చూపించావు కదా, అక్కడినుంచే..." అంటూ పిల్ల చేతి వైపు చూసి ఆగిపోయింది. "ఇదేంటమ్మా? ఈ చేతులేంటి ఇలా ఉన్నాయి?"

రంగులక్క చూసింది. లేత ముఖం కింద, బల్ల మీద, రెండు ముసలి చేతులు. నరాలు ఉబ్బి, మచ్చలు పడి, గోళ్ళు పసుపెక్కి. ముఖం తుడిచి పిల్లను తీసుకొచ్చేసింది. అందరికీ రోజూ చెప్పే తనే.

"చేతులు మర్చిపోయావమ్మా," అంది పిచ్చుక, భయపడుతూనే. చేతులు బల్ల కిందికి దాచుకోబోయింది.

రంగులక్క వాటిని దాచనివ్వలేదు. రెండూ తన గుప్పిట్లోకి తీసుకుంది. తుడవడానికి క్రీము లేదు, డబ్బా ఆ హాల్లోనే పడిపోయింది.

"వయసు తప్పు చూపించింది ఇదే. ఆ ముఖం వెయ్యడం నేర్పింది మాత్రం నేను," అంది కానిస్టేబుల్‌తో. "దాన్ని చెప్పనివ్వకుండా చేసిందీ నేనే. అవి కూడా రాసుకోండి." తర్వాత పిల్ల వైపు తిరిగింది. "చెప్పవే తల్లీ. ఎంతైనా చెప్పు. నేను అరవను."

పిచ్చుక తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది, ఏది వేషమో ఏది కాదో పోల్చుకుంటున్నట్టు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.